నంబరు ప్లేటు పక్కకి

కృపాకర్ ఫోన్ చేస్తే వెళ్లాం,
ఆదివారం ఆరింటికి, తెన్నేటి పార్కు దగ్గరికి,
నిద్ర మొహాలతో ఆరుగురం.
రొయ్యలు ఎగుమతి చేసి కొన్నాడు:
ఇటలీ బండి, నాలుగు తలుపులది,
పండుమిరప ఎరుపు,
డెలివరీ రిబ్బను ఇంకా అద్దానికే వేలాడుతూ.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు,
ఆసుపత్రిలో పసిబిడ్డ చుట్టూ నిలబడి
ఎవరి పోలికో తేల్చుకోలేనట్టు.

బెహరా మాస్టారే మొదలుపెట్టారు.
"నంబరు ప్లేటు పక్కకెందుకు పెట్టాడయ్యా?
బొట్టు చెంపకి జారిన మొహంలా ఉంది."
"మధ్యలో పెడితే మూతి మూసుకుపోతుంది మాస్టారూ,"
అంది సత్యవేణి, చెవులు ఎర్రబడి,
కారు తనే గీసినట్టు.
"మూతా అది? నోరు తెరిచిన కోనెం చేప!"
"కోనెం అందమైంది కాదేటండీ?"
టీ వడగడుతూ ఎల్లాజీ అడిగాడు.
జవాబు దొరకని ప్రశ్న అదొక్కటే ఆ పొద్దున.

ఫక్రుద్దీన్ మాత్రం దీపాల ముందు కూర్చుండిపోయాడు.
వాళ్ల నాన్న జగదాంబ స్టాండులో
ఇరవై ఏళ్లు తోలిన పాత ఫియటూ ఇటలీ పిల్లే.
"దానికి మొహం ఉండేది.
దీనికి కోపం ఉంది, అంతే."
"కాలం అలాంటిది," అన్నాడు కృపాకర్.
"కాలానికేం, కళ్లు గీసినోణ్ణి అను."

జగ్గారావు చూడడు. తడుముతాడు.
గాజువాక ఆటోనగర్లో డెంటింగు చేసీ చేసీ
వేళ్లు మొద్దుబారాయి గానీ, అరచెయ్యికి చూపొచ్చింది.
కళ్లు మూసుకుని వెనక రెక్క నిమిరి
"మడత బాగా తీసినాడు. కానీ ఇది ఇప్పుడు తేలదు బాబూ.
ఒక్కపాలి ఏ లారీకో గుద్దుకుని నా షెడ్డుకి రానీ,
రేకు విప్పినాక సెప్తాను అందమో కాదో."
కృపాకర్ కారుకీ అతనికీ మధ్య వచ్చి నిలబడ్డాడు.

నన్ను అడిగారు చివరికి.
షిప్‌యార్డులో ముప్పై రెండేళ్లు
చెక్క నేల మీద మోకాళ్లతో పాకుతూ
ఓడల గీతలు అసలు కొలతకి గీసినవాణ్ణి.
పల్చటి బద్దని మేకుల మధ్య వంచితే
ఎక్కడ నొప్పో అదే చెబుతుంది;
మనం మేకు పీకి, దాన్ని ఊపిరి తీసుకోనివ్వాలి.
ఒక కన్ను మూసి
ముందు దీపం నుంచి వెనక దీపం దాకా పోయాను.
వెనక తలుపు పిడి దగ్గర
గీత ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది.
పొరపాటో, పొగరో.
మా రోజుల్లో అయితే ఆ మేకు పీకించేవాణ్ణి,
ఆ రాత్రి నిద్ర పట్టకపోయేది కూడా.
"బావుందా, లేదా?" మాస్టారు గద్దించారు.
టీ చల్లారిందన్నాను.

అప్పుడే సముద్రం మీంచి తుంపర మొదలైంది.
తువ్వాలుతో బానెట్టు తుడిచి తుడిచి
ఇక లాభం లేదనుకుని
కృపాకర్ భీమిలి వైపు లాగించాడు.
ఆ చప్పుడుకి మాత్రం
అందరం ఒకే వైపు తిరిగాం.

మలుపు దాటాక చూస్తే
రోడ్డు మీద అది ఆగిన మేర పొడిగా ఉంది:
ఒక పలక, అంతే.
మూతి లేదు, కోపం లేదు, నా గీతా లేదు,
ఏ కారు ఆగినా మిగిలే చోటే.
తలలు తడుస్తుంటే ఆరుగురం దాని చుట్టూ నిలబడ్డాం,
ఎవరూ లోపల కాలు పెట్టలేదు.

చినుకులు అంచుల నుంచి తినుకుంటూ వచ్చాయి.
"చూశారా," అన్నారు మాస్టారు, పొడి మిగిలిన చోటు చూపిస్తూ,
"వెనకవైపు బరువెక్కువని నేను ముందే అన్నాను."
"మాస్టారూ, అది ముందువైపు," అంది సత్యవేణి.

ఎల్లాజీ మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టాడు.